పొదుపు లెక్క వేరు, పాల లెక్క వేరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట గ్రామాల్లో గేదె ఎవరిదని అడిగితే ఇంటాయన పేరు చెబుతారు. తెల్లవారకముందే లేచి దొడ్డి ఊడ్చి, కుడితి కలిపి, దూడను విడిచి మళ్లీ కట్టేసి, పాలు పితికి, కేంద్రం మూసేలోపు క్యాను పట్టుకుని నడిచేది మాత్రం ఇంటావిడ. పాలకేంద్రం పుస్తకంలో చాలాకాలం ఆమె పేరు లేదు, బిల్లు డబ్బు ఆయన చేతికే వెళ్లేది. మహిళా పాల సంఘాల మీద జరిగే చర్చ సాధారణంగా ఈ అన్యాయం దగ్గర మొదలై, పుస్తకంలో పేరు మారిస్తే సరిపోతుందన్న చోట ఆగిపోతుంది. పేరు మారడం తప్పనిసరే. అయినా పేరు మారిన సంఘాల్లో కొన్ని ఏళ్ల తరబడి నిలుస్తుంటే, కొన్ని రెండు వేసవులు దాటకుండానే ఎందుకు మూతపడుతున్నాయన్నది పేర్లతో తేలే విషయం కాదు. వెన్నశాతం ఎవరు చూస్తున్నారు, పాలు ఎవరి యంత్రంలో చల్లబడుతున్నాయి, పది రోజుల బిల్లుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్న మూడు విషయాల్లోనే దానికి జవాబు ఎక్కువగా దొరుకుతుంది.

ఈ రెండు జిల్లాల్లో పాడి ఎక్కడ ఎందుకు పెరిగిందో చూస్తే ఆ జవాబు ఎంత అవసరమో అర్థమవుతుంది. పెన్నా డెల్టాలో నీరు, వరి, వరిగడ్డి ఉన్నాయి. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు, అటు కనిగిరి, పొదిలి, దర్శి వైపు వెళ్లేకొద్దీ వాన మీద ఆధారపడ్డ నేలలే. కంది, సజ్జ, పొగాకు, మిర్చి వంటి పంటల్లో ఏదైనా ఒక ఏడాది నిలబెడితే మరుసటి ఏడాది ముంచవచ్చు. పంట డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, అదీ అప్పు తీరగా మిగిలితేనే. పాల డబ్బు పది, పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది. పిల్లల ఫీజు, పచారీ కొట్టు బాకీ, మందుల ఖర్చు తీరేది దానితోనే. ఎకరం, రెండెకరాల మెట్ట ఉన్న కుటుంబానికి గేదె అదనపు ఆదాయమని కాగితాల మీద రాస్తుంటారు గానీ, కరువు ఏడాదిలో ఇంటికి వచ్చే నగదు దాదాపు అంతా అదే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈ నేల పేరును ప్రపంచానికి చాటింది పాలిచ్చే పశువు కాదు. ఒంగోలు జాతి గిత్త బ్రెజిల్ చేరి అక్కడ 'నెలోర్' అన్న పేరుతో ఆ దేశపు మాంసపు పశుసంపదకు ఆధారమైంది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశవాళీ జాతుల కోసం జాతీయ కామధేను సంవర్ధన కేంద్రం కూడా ఉంది. అయినా ఒంగోలు జాతి ఎక్కువగా దుక్కికి, బండలాగుడు పందేలకు ప్రసిద్ధి. పాలకేంద్రం క్యానులో పడేవి చాలావరకు గేదె పాలు, అందులోనూ ముర్రా, ముర్రా సంకర గేదెల పాలు. గిత్తల ప్రదర్శనలో కప్పు అందుకునేది మగవాళ్లయితే, గేదె దగ్గర నెత్తిన గడ్డిమోపుతో కనిపించేది ఆడవాళ్లు. పశుపోషణలో ప్రతిష్ఠ ఒకరి వాటాకు, పని మరొకరి వాటాకు వెళ్లాయని చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మహిళలు సంఘంగా కూడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం, దాని వెంటే దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం, ఆ ఊపులోనే రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. తరువాతి దశాబ్దాల్లో డ్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పేర్లు మారినా, నెలవారీ సమావేశం, తీర్మానాల పుస్తకం, అప్పు వాయిదా, గ్రామ సమాఖ్య అనే చట్రం అలాగే ఉంది. పాల సంఘం పెట్టాలనుకునే వారికి ఇది పెద్ద ఆస్తి. సంతకం పెట్టడం, లెక్క అడగడం, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడటం ఈ తరం మహిళలకు మళ్లీ నేర్పాల్సిన పని లేదు.

అయితే పొదుపు సంఘం నడిపిన అనుభవం పాల వ్యాపారానికి యథాతథంగా సరిపోతుందనుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది. పొదుపులో సరుకు డబ్బు. అది పులియదు, విరగదు, నాణ్యత పరీక్ష అడగదు, సమావేశం రేపటికి వాయిదా పడితే నష్టం లేదు. పదిమందీ ఒకే మొత్తం కడతారు కాబట్టి ఎవరి వాటా ఎంతన్న తగాదా కూడా అరుదు. పాల విషయంలో ఇవన్నీ తలకిందులవుతాయి. ప్రతి సభ్యురాలి సరుకు వేరు, ప్రతి పూటా దాని ధర వేరు, నాలుగు గంటలు ఆలస్యమైతే సరుకే ఉండదు. పొదుపు సంఘంలో ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటే చాలావరకు నడిచిపోతుంది, పాల సంఘంలో నమ్మకానికి తోడు కొలత కావాలి.

ఆ కొలత దగ్గర కాస్త ఆగాలి. గేదె పాలకు ధర కట్టేది ప్రధానంగా వెన్నను బట్టి. కిలో వెన్నకు ఇంత అని కంపెనీ ఒక రేటు ప్రకటిస్తుంది, ఆ రేటును లీటరు పాలలో ఉన్న వెన్న బరువుతో గుణిస్తారు. ఉదాహరణకు కిలో వెన్న ధర 800 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. అందులో 7 శాతం వెన్న ఉంటే 72 గ్రాముల పైచిలుకు వెన్న ఉన్నట్టు, ధర 57 రూపాయల 68 పైసలు. అదే పాలకు పరీక్షలో 6.5 శాతం అని నమోదైతే ధర 53 రూపాయల 56 పైసలకు దిగుతుంది. తేడా లీటరుకు నాలుగు రూపాయల పైనే. రోజుకు ఐదు లీటర్లు పోసే మహిళకు నెలకు 600 రూపాయలకు పైగా అర శాతం మాటున మాయమవుతాయి. ఏ దొంగతనమూ జరగకుండానే ఇది జరగవచ్చన్నది గమనించాల్సిన విషయం. పాలను లీటర్లలో కొలిచి, ఆ లీటరునే కిలోగా లెక్కవేసి వెన్న కడితే ఆ మూడు శాతం బరువు కూడా ఉత్పత్తిదారు ఖాతాలోంచే పోతుంది.

పరీక్ష ఎలా తప్పుతుందో పాడి చేసే మహిళలకు సగం తెలుసు, మిగతా సగం వారికి ఎవరూ చెప్పలేదు. పొదుగులోంచి మొదట వచ్చే పాలు పలుచన, చివరి ధారల్లో వెన్న ఎక్కువ. ఆ చివరి ధారలు దూడకు వదిలేస్తే దూడ బలుస్తుంది, కేంద్రంలో వెన్నశాతం తగ్గుతుంది. రాత్రంతా నిలిచిన పాలు కాబట్టి ఉదయం పూట పరిమాణం ఎక్కువ, వెన్న తక్కువగా ఉంటుంది, సాయంత్రం దానికి విరుద్ధం. అందుకని ఒకే గేదె పాలకు రెండు పూటలా రెండు అంకెలు రావడంలో అనుమానించాల్సిందేమీ లేదు. క్యానులో పాలు కాసేపు కదలకుండా ఉంటే మీగడ పైకి తేలుతుంది, గరిటెతో అడుగుదాకా కలపకుండా నమూనా తీస్తే ఆ అంకె ఎవరిదో ఒకరి కడుపు కొడుతుంది. అప్పుడే పితికిన గోరువెచ్చని, నురగ పాలలో, నీళ్లు కలిశాయా అని చిక్కదనం కొలిచే లాక్టోమీటరు వేస్తే రీడింగు తక్కువ చూపుతుంది, చుక్క నీళ్లు కలపని మనిషి కూడా దోషిలా నిలబడాల్సి వస్తుంది.

పాత గెర్బర్ పద్ధతిలో గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, మర యంత్రంలో తిప్పి, పసుపురంగు వెన్న గీత ఎక్కడ ఆగిందో కంటితో చదివేవారు. ఆ గీతను పోసినవాళ్లు కూడా చూడగలిగేవారు. ఇప్పుడు చాలాచోట్ల శబ్ద తరంగాలతో పనిచేసే ఎనలైజరు అర నిమిషంలో అంకెలు చూపిస్తోంది. పని సులువైంది, కానీ పరీక్ష పెట్టె లోపలికి వెళ్లిపోయింది. ఆ యంత్రంలో ఆవు పాలకు, గేదె పాలకు వేర్వేరు అమరికలు ఉంటాయి. ప్రతి పూటా కడగకపోతే లోపల పేరుకున్న మడ్డి రీడింగును మార్చేస్తుంది. ఎప్పటికప్పుడు గెర్బర్‌తో పోల్చి సరిచేయకపోతే అంకె మెల్లగా పక్కకు జరుగుతుంది. కాబట్టి మహిళా సంఘం అనే మాటకు అర్థం ఉండాలంటే, యంత్రం ముందు కూర్చునే అమ్మాయి ఊరిదై ఉండడంతో పాటు, సభ్యుల్లో కనీసం నలుగురైదుగురికి ఆ యంత్రాన్ని ప్రశ్నించడం తెలిసి ఉండాలి. అధ్యక్షురాలికి ఇచ్చే నాయకత్వ శిక్షణకన్నా ఈ శిక్షణ ఎక్కువ ఫలితమిస్తుంది. శిక్షణ కార్యక్రమాల్లో దానికి దక్కే చోటు మాత్రం తక్కువ.

చల్లదనం సంగతి ఇంకా కఠినమైంది. పొదుగులోంచి వచ్చేటప్పుడు పాల వేడి మనిషి ఒంటి వేడిని కాస్త మించి ఉంటుంది. మూడు నాలుగు గంటల్లోపు నాలుగు డిగ్రీల సెల్సియస్‌కు దించకపోతే సూక్ష్మజీవులు పెరిగిపోతాయి. మే నెలలో కనిగిరి వైపు ఉదయం తొమ్మిదికే ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆటోలో క్యాన్లు ఎంత దూరం ప్రయాణించగలవో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే నాలుగైదు ఊళ్లకు కలిపి బల్క్ మిల్క్ కూలింగ్ యూనిట్, అంటే పాలు చల్లబరిచే పెద్ద తొట్టె ఉన్న కేంద్రం, ఒకటి కావాలి. దాని కరెంటు బిల్లు, కోత ఉన్నప్పుడు జనరేటరు డీజిలు, కాపలా మనిషి జీతం, కడిగే రసాయనాలు తొట్టె నిండినా నిండకపోయినా దాదాపు ఒకటే. వెయ్యి లీటర్లు వస్తాయనుకుని పెట్టిన కేంద్రానికి 400 లీటర్లే వస్తే లీటరు మీద పడే ఖర్చు రెండున్నర రెట్లవుతుంది. సంఘాలను ముంచే ఖర్చు చాలాసార్లు ఇదే. ప్రారంభోత్సవం నాడు పువ్వులతో అలంకరించిన తొట్టె సామర్థ్యం ఎంతో అందరూ రాసుకుంటారు, ఆరు నెలల తరువాత అందులో పడుతున్న పాలు ఎన్నో అడిగేవారు ఉండరు.

పాలు విరిగితే నష్టం ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి. ఊరి కేంద్రంలో పరీక్ష దాటిన పాలు కూలింగ్ యూనిట్‌కు చేరేసరికి మరిగిస్తే విరిగిపోయాయనుకుందాం. వాహనం ఆలస్యం వల్ల విరిగిన పాలను ఆ ఊరి మహిళల బిల్లులో కోసేస్తే మరుసటి పదిరోజుల్లో పాలు సగానికి పడిపోతాయి. రవాణా కాంట్రాక్టరు భరించాలని ఒప్పందంలో ముందే రాసుకోని సంఘం, తగాదా వచ్చాక తీర్మానం చేసి సాధించేది ఏమీ ఉండదు.

ఇక పది రోజుల బిల్లు. వంద మంది సభ్యులు సగటున నాలుగు లీటర్ల చొప్పున పోస్తే రోజుకు 400, పది రోజులకు 4,000 లీటర్లు. లీటరు 55 రూపాయలైతే 2 లక్షల 20 వేల రూపాయలు. పాలు కొన్న పై సంస్థ డబ్బు పంపడం పది రోజులు ఆలస్యమైనా ఊళ్లో చెల్లింపు ఆగకూడదంటే, ఆ మొత్తం సంఘం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఒక ఊరికే ఇంత కావాలి, 50 ఊళ్ల సమాఖ్యకైతే కోటీ పది లక్షలు కావాలి. గేదె కొనడానికి స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ అప్పులు దొరుకుతాయి, 2019 నుంచి పశుపోషణకు కిసాన్ క్రెడిట్ కార్డు కూడా వర్తిస్తోంది. ఇవన్నీ మనిషికి ఇచ్చే అప్పులు. సంఘానికి కావలసిన నిర్వహణ పెట్టుబడి వేరు, దానికి తాకట్టు పెట్టేందుకు సంఘం దగ్గర ఖాళీ క్యాన్లు తప్ప ఏమీ ఉండవు.

ప్రైవేటు ఏజెంటు బలం ఎక్కడుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. అతడు గేదె కొనేటప్పుడు పది, ఇరవై వేలు అడ్వాన్సు ఇస్తాడు. దూడ చనిపోయినా, ఇంట్లో పెళ్లి వచ్చినా అడగ్గానే ఎంతో కొంత సర్దుతాడు. దానికి వడ్డీ అని పేరు పెట్టడు, వెన్నశాతంలోనో, రేటులోనో రాబట్టుకుంటాడు. అతడి దగ్గర బాకీ ఉన్న మహిళ సంఘంలో సభ్యత్వం తీసుకుంటుంది, రిజిస్టరులో సంతకం పెడుతుంది, పాలు మాత్రం అతడికే పోస్తుంది. దీన్ని నమ్మకద్రోహంగా చూడటం అన్యాయం. అత్యవసరానికి అప్పిచ్చే పని సంఘం చేపట్టనంతకాలం ఆమెకు అతడే దిక్కు. పొదుపు సంఘాల అనుభవం నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే. గ్రామ సమాఖ్య నిధిలోంచి ఏజెంటు బాకీ ఒకేసారి తీర్చేసి, ఆ మొత్తాన్ని పాల బిల్లులో చిన్న చిన్న వాయిదాలుగా మినహాయించుకుంటే, అడ్వాన్సు ముడి వీడిపోతుంది.

సంఘం ఏ చట్టం కింద నమోదైందన్నది పొడి విషయంలా కనిపిస్తుంది గానీ, ప్రకాశం జిల్లా పాడి చరిత్ర తెలిసినవారు దాన్ని తేలిగ్గా తీసుకోరు. 1964 నాటి సహకార చట్టం కింద సంఘాల మీద రిజిస్ట్రారుకు, ప్రభుత్వానికి విస్తృతమైన అధికారాలు ఉన్నాయి. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే తమ నియమాలు రాసుకుని, తమ డబ్బుతో నడుపుకునే వీలు కల్పించింది. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీ అనే మూడో రూపం వచ్చింది. పదిమంది ఉత్పత్తిదారులు కలిసి దాన్ని పెట్టుకోవచ్చు, వాటాలు ఎన్ని ఉన్నా సభ్యురాలికి ఒకటే ఓటు. ఒంగోలు డెయిరీగా పేరుపొందిన జిల్లా సంస్థ ఈ మూడు రూపాల గుండా ప్రయాణించి కూడా నిలబడలేకపోయింది. చివరికి రైతుల బకాయిలు, ఉద్యోగుల జీతాల బకాయిలు పేరుకుపోయి పాల సేకరణ ఆగింది. చట్టం స్వేచ్ఛ ఇస్తుంది, ఆ స్వేచ్ఛ ఎవరి చేతికి వెళ్లిందన్నది చట్టంలో ఉండదు. పాలు పోసే వేలాది మంది తమను సరుకు అమ్మేవారిగానే భావించుకుని, ఎన్నికలు, ఆడిట్ నివేదిక, సర్వసభ్య సమావేశం పెద్దల వ్యవహారం అనుకున్నప్పుడు ఏ చట్టమైనా అదే దారి పడుతుంది.

దీనికి ఎదురుగా రెండు తెలుగు ఉదాహరణలు ఉన్నాయి. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 2000లో మొదలైన మహిళా పాడి సహకార సమాఖ్య 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతూ ఇరవై వేలకు పైగా మహిళల సంస్థగా ఎదిగింది. దాని వెనుక సహకార వికాస సంస్థ ఏళ్ల తరబడి పెంచిన మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి. అంటే నెల్లూరు జిల్లాలో ఉన్న మట్టే అక్కడా ఉంది. అక్కడ అదనంగా జరిగిందేమిటంటే, డెయిరీ ప్లాంటు కట్టకముందే ఊరూరా సభ్యత్వం, వాటాధనం, పాలు పోసే క్రమశిక్షణ కుదిరాయి. రెండోది తిరుపతి కేంద్రంగా జాతీయ పాడి అభివృద్ధి సంస్థ సహకారంతో 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ. లక్షకు పైగా సభ్యులున్న ఈ సంస్థలో సభ్యులందరూ మహిళలే. మొదటిదాంట్లో నెమ్మది, రెండోదాంట్లో వృత్తి నిపుణుల యాజమాన్యం, పెద్ద స్థాయి కనిపిస్తాయి. ప్రకాశం, నెల్లూరు మెట్టకు మొదటి దారే ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఊళ్లు దూరం, ఒక్కో ఊళ్లో పాలు తక్కువ, అందువల్ల రవాణా ఖర్చును పై నుంచి గీసిన రూటు మ్యాపుకన్నా ఊరివాళ్ల ఒప్పందమే బాగా అదుపు చేయగలదు.

మూడో అనుభవం జిల్లాలోనే ఉంది. 2020 డిసెంబరు 2న అమూల్ భాగస్వామ్యంతో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జగనన్న పాలవెల్లువ తొలి మూడు జిల్లాల్లో చిత్తూరు, కడపలతో పాటు ప్రకాశం ఒకటి. మహిళల పేరిట ఊరి సంఘాలు, అందరి ఎదుట పరీక్ష, చీటీ మీద వెన్నశాతంతో పాటు, పాలలో వెన్న కాక మిగిలే ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్, డబ్బు నేరుగా మహిళ ఖాతాలోకి అన్న పద్ధతులు చాలా ఊళ్లకు అలా అందాయి. ఒక పెద్ద కొనుగోలుదారు రంగంలోకి దిగితే పక్కనున్న ప్రైవేటు డెయిరీలు కూడా రేటు సవరించుకోవాల్సి వస్తుంది, ఆ మేలు సంఘంలో లేనివారికీ దక్కుతుంది. అయితే 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు అమూల్‌కు మూలమైన తమ సంఘాన్ని తామే కట్టుకున్నారు, ఇక్కడ సంఘం ప్రభుత్వ కార్యక్రమంగా దిగింది. సంఘానికి ఉన్న ఒకే కొనుగోలుదారును ప్రభుత్వం ఎంచినప్పుడు, ప్రభుత్వంతో పాటు ఆ ఏర్పాటూ మారవచ్చు. అందువల్ల సంఘానికి సొంత బ్యాంకు ఖాతా, సొంత నిధి, రెండో కొనుగోలుదారుతో మాట్లాడుకునే హక్కు ఉన్నాయా లేదా అన్నదే అలాంటి సంఘాల ఆయుష్షును నిర్ణయిస్తుంది.

వేసవి గురించి చెప్పకుండా పాల వ్యాపారం గురించి చెప్పడం కుదరదు. గేదెలు ఎక్కువగా వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా ఈనుతాయి. దాంతో శీతాకాలంలో పాలు పొంగుతాయి, ఏప్రిల్ నుంచి అడుగంటుతాయి. పాలు ఎక్కువున్నప్పుడు డెయిరీలు రేటు తగ్గిస్తాయి, కొన్నిసార్లు ఒక పూట పాలు తీసుకోవు. తక్కువున్నప్పుడు టీ కొట్లు, హోటళ్లు, స్వీటు దుకాణాలు ఇంటి ముందుకొచ్చి ఎక్కువ ఇస్తాయి. సభ్యులు చలికాలంలో సంఘానికీ, వేసవిలో హోటలుకూ పోస్తే సంఘం దగ్గర మిగిలేది నష్టమే. ఏడాదిలో కనీసం ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసినవారికే ఓటు, బోనసు అన్న నిబంధన అందుకే పుట్టింది. బోనసును వేసవి లీటర్ల మీద ఎక్కువ రేటుతో లెక్కకట్టే సంఘం ఈ చిక్కును ఉపన్యాసాలకన్నా బాగా పరిష్కరిస్తుంది. పరస్పర సహాయక చట్టం స్ఫూర్తిలో లాభమే కాదు, లోటు కూడా సంఘాన్ని వాడుకున్న మేరకు సభ్యులు పంచుకోవాల్సిందే. ఈ రెండో సగాన్ని సభ్యులకు ముందే చెప్పే ధైర్యం నిర్వాహకులకు సాధారణంగా ఉండదు.

వేసవి కొరతలో సగం గడ్డి కొరత. నెల్లూరు డెల్టాలో ప్రధాన పంట కోతలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. సరిగ్గా అప్పుడే మెట్టలో గడ్డివాములు తరిగిపోతుంటాయి. కోత యంత్రాలు వచ్చాక చేలోనే నలిగి పోయే గడ్డి ఎక్కువైంది, మోపు కట్టే యంత్రాలతో కొంత మిగులుతోంది. ఒక్కో ఇల్లు విడిగా ట్రాక్టరు గడ్డి తెప్పించుకుంటే కిరాయే గడ్డి ధరను మించుతుంది. పది ఊళ్ల సంఘాలు కలిసి కోతల సమయంలో చేలోనే కొని, లారీలకు ఎత్తించి, నిల్వ చేసుకుంటే, ఒక రూపాయి పాల రేటు పెంచినదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి మూడు వారాలు గాలి చొరకుండా మూసి ఉంచి మేపడం పశువైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతే. అది ఇళ్లలో పాతుకోకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, అంత గడ్డిని ఒకేసారి కొనే డబ్బు, మూసి ఉంచే చోటు లేకపోవడం.

గేదె ఆర్థికం అర్థమవాలంటే పాలిచ్చే రోజులకన్నా వట్టిపోయిన రోజులు లెక్కపెట్టాలి. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనిన రెండు మూడు నెలలకే మళ్లీ చూలు కడితే ఏడాది చిల్లరకు ఒక ఈత వస్తుంది. మన పల్లెల్లో అది పదహారు, పద్దెనిమిది నెలలకు సాగడం మామూలే, ఎందుకంటే ఎండల్లో గేదె ఎద బయటకు కనిపించదు. దీన్నే మూగ ఎద అంటారు. తోక ఎత్తడం, పూటకు అర లీటరు పాలు తగ్గడం, మాటిమాటికీ మూత్రం పోయడం వంటి చిన్న గుర్తులను పట్టుకోగలిగేది రోజూ పొదుగు ముందు కూర్చునే మనిషే. ఆమె పట్టుకుని చెప్పినా, ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు ఫోను చేసి సూది వేయించే నిర్ణయం ఇంట్లో ఇంకొకరిదైతే ఒక అదను పోతుంది, అంటే మూడు వారాల మేత వృథా. ఊరి సంఘం ఒక ఎద రిజిస్టరు పెట్టి, ఆ ఫోను తానే చేస్తే, రెండు ఈతల మధ్య దూరం తగ్గి అదే గేదె మీద ఆదాయం పెరుగుతుంది. లక్ష చుట్టూ పలికే గేదెకు బీమా, గొంతువాపు, గాలికుంటు టీకాలు, పొదుగువాపు మొదలవగానే వైద్యం కూడా ఇలా కలిసి చేసుకోదగ్గ పనులే. ఒకే గేదె ఉన్న ఇంటికి అది వట్టిపోతే ఆదాయం పూర్తిగా ఆగుతుంది. అందుకే రెండో గేదెకు అప్పిచ్చేటప్పుడు మొదటిది ఎన్నో నెల చూడిలో ఉందో అడిగే సంఘం తెలివైన సంఘం.

సంఘంలో అందరూ మహిళలే అయినంత మాత్రాన అందరూ సమానులు కారు. నాలుగు గేదెలు, బోరు కింద పచ్చిగడ్డి మడి ఉన్న సభ్యురాలూ, ఇతరుల పడ్డను సగం వాటాకు పెంచే భూమిలేని సభ్యురాలూ ఒకే రిజిస్టరులో ఉంటారు. పాలకేంద్రం ఊరి నడిబొడ్డున పెడితే దళితవాడ నుంచి, యానాది కాలనీ నుంచి తెల్లవారుజామున నడిచి రావాల్సిన దూరం పెరుగుతుంది, వరుసలో చివర నిలబడాల్సి వస్తుంది. కాలనీ వైపు పెడితే ఊరివాళ్లు రారనే మాట పైకి వినిపించకపోయినా స్థలం ఎంపికలో పనిచేస్తుంది. రెండు వాడలకూ దారిలో పడే బడి దగ్గరో, సచివాలయం దగ్గరో స్థలం కుదిరిన చోట పోసే పాలు పెరుగుతాయి. సమావేశాల వేళ కూడా అంతే. ఉదయం ఎనిమిది దాకా, సాయంత్రం నాలుగు తరువాత పాడి పని ఉంటుంది, మధ్యలో కూలి ఉంటుంది. అధికారుల వీలు చూసి ఉదయం పదింటికి పెట్టే సమావేశానికి వచ్చేది కూలికి వెళ్లనక్కర్లేని ఇళ్ల మహిళలే. వాళ్లు చేసిన తీర్మానాలే అందరి తీర్మానాలుగా పుస్తకంలోకి ఎక్కుతాయి.

అధ్యక్షురాలి తరఫున ఆమె భర్త మాట్లాడే అలవాటును ఎగతాళి చేయడం తేలిక. దాని మూలం చాలాచోట్ల లెక్కల పుస్తకంలో ఉంది. కార్యదర్శిగా చదువుకున్న కుర్రాడిని పెడతారు, కంప్యూటరు పాస్‌వర్డు అతడి దగ్గర, డెయిరీ సూపర్‌వైజరు నంబరు అధ్యక్షురాలి భర్త దగ్గర ఉంటాయి. ఆ రెండూ మహిళల చేతికి వచ్చేదాకా సంఘం పేరుకే వారిది. ఇంటర్, డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న కోడళ్లు ఇప్పుడు ప్రతి గ్రామంలోనూ ఉన్నారు. లీటరుకు ఇంత అని కమీషను లెక్కన కాకుండా, నెలకు నిర్దిష్ట జీతంతో వారిని కార్యదర్శులుగా పెట్టుకోవడం మొదట భారంగా అనిపిస్తుంది. కమీషను మీద బతికే కార్యదర్శికి పాలు ఎక్కువ కొనడం ముఖ్యం, నీళ్లు కలిసిన క్యానును వెనక్కి పంపడం ఇష్టం ఉండదు. జీతం మీద ఉన్నవారికి ఆ ఇబ్బంది లేదు.

సొంత బ్రాండు పేరుతో ప్యాకెట్లు అమ్మాలన్న కోరిక ప్రతి సమాఖ్యలోనూ ఏదో ఒక దశలో వస్తుంది. ప్యాకెట్ పాలకు నిర్దిష్ట ప్రమాణాలున్నాయి. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండాలి, ఫుల్ క్రీమ్‌లో 6, 9 శాతాలు ఉండాలి. ఏడు శాతం వెన్న ఉన్న గేదె పాలలోంచి మిగులు వెన్న తీసి నెయ్యిగా అమ్మడంలోనే డెయిరీల లాభంలో మంచి వాటా ఉందని తెలిసినప్పుడు, ఆ వాటా తమకెందుకు రాకూడదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ పాశ్చరైజేషన్ ప్లాంటు, చలువ వాహనాలు, పట్టణంలో డీలర్లు, తిరిగొచ్చే ప్యాకెట్ల నష్టం భరించాలంటే ఏడాది పొడవునా నిలకడగా వచ్చే పాలు వేల లీటర్లలో ఉండాలి. ముందు పరీక్ష యంత్రం, తరువాత కూలింగ్ యూనిట్, దాని వెంట దాణా మిక్సింగు, నెయ్యి, చివరగా ప్యాకెట్ అన్న వరుస నెమ్మదైనదే అయినా మెట్ట ప్రాంతపు పాల దిగుబడికి సరిపోతుంది. కూలింగ్ యూనిట్ సొంతమైన సమాఖ్యకు చల్లబడ్డ పాలు చేతిలో ఉంటాయి కాబట్టి ఒంగోలు, నెల్లూరు, చెన్నై వైపు వెళ్లే ఏ ట్యాంకరుతోనైనా బేరమాడవచ్చు. ఆ యూనిట్ కొనుగోలుదారుదైతే, సంఘం ఎంత పెద్దదైనా రేటు కాగితం పై నుంచే వస్తుంది.